దఖలు, దాఖలు: మన దస్తావేజులలోని అరబ్బీ ధాతువులు

దఖలు, దాఖలు అను రెండు మాటలు మన దస్తావేజులలో నిత్యము కానవచ్చుచుండును. వీనికి గల భేదము ఒక్క మాత్ర. మొదటి యక్షరము హ్రస్వమైనచో భూమి చేతులు మాఱినది. దీర్ఘమైనచో కాగితము కచేరీలో చేరినది. “భూమిని దఖలు పఱచితిని” అని వ్రాసి యిచ్చినవాడు భూమిని విడిచినవాడు. “కాగితములు దాఖలు చేసితిని” అనువాడు కాగితములను గుమాస్తా చేతిలో పెట్టినవాడు, అంతే. ఈపూరు ప్రాంతమున ఈ రెంటిని ఒక్క తీరుగానే పలుకువారు పెక్కండ్రు కలరు. వారిలో చదివినవారును లేకపోలేదు. వ్రాయసకాడు చదివి వినిపించిన దస్తావేజును చెవితో మాత్రమే విని ఒప్పుకొనువారికి ఆ యొక్క మాత్ర యెంత పొలము విలువ చేయునో చదువరులే యూహింపగలరు. ఈ భేదము ఏ కరణమో పన్నిన పన్నాగము కాదు. ఈ మాటలు పుట్టిన అరబ్బీ భాషలో పదనిర్మాణమే యిట్టిది. అది యెట్టిదో, ఆ భాష మాటలు మన పొలములలోనికి ఏ దారిని వచ్చెనో కొంచెము విచారింతము.

సంస్కృతమున ధాతువునకు ముందు ఉపసర్గయు వెనుక ప్రత్యయమును చేరును. ధాతువులోని అచ్చు గుణవృద్ధులను పొందును. కృ ధాతువునుండి కర్త, కార్యము, కృతి వచ్చుట బాలురకును తెలిసినదే. తెలుగున ప్రత్యయము వెనుకనే చేరును: వండు, వంట, వంటకము. పడు అనుదానికి పాటు, చెడు అనుదానికి చేటు అని లోపలి యచ్చు దీర్ఘమగుట మనకును కలదు గాని అది కొలదిపాటి. ఇంగ్లీషున సింగ్, శాంగ్, సంగ్ అని నడిమి యచ్చు మాఱి అర్థమును మార్చు పదములు కొన్ని కలవు. ఇతర భాషలలో అక్కడక్కడ కానవచ్చు ఈ రీతియే అరబ్బీ భాషకు రాజమార్గము.

అరబ్బీ ధాతువు తఱచుగా మూడు హల్లుల సమూహము. దానికి అచ్చు లేదు; కావున అది నోటికి రాదు, మనస్సున మాత్రమే యుండును. ద–ఖ–ల అను మూడు హల్లులకు ప్రవేశము అర్థము. మొదటి హల్లునకు ఆకారమును రెండవదానికి ఇకారమును ఇచ్చినచో ‘దాఖిల్’ అగును: ప్రవేశించునది. మొదటిదానికి మాత్రమే హ్రస్వాకారమిచ్చి తక్కిన రెంటిని జోడించినచో ‘దఖ్ల్’ అగును: ప్రవేశించుట, స్వాధీనము. ముందు మకారము చేర్చి ‘మద్ఖల్’ అనినచో ప్రవేశించు చోటు, వాకిలి. హల్లులు విషయమును చెప్పును. అచ్చులును వాని మాత్రలును ఆ విషయముతో పదమునకు గల వావిని చెప్పును. చేయువాడా, చేయబడినదా, చేయుటయా, చేయు చోటా అన్నది అచ్చుల యమరికయే తేల్చును. అట్టి భాషలో హ్రస్వదీర్ఘములను కలిపివేయుట మన భాషలో విభక్తులను కలిపివేయుట వంటిది.

ఈ యమరికలకు పేళ్లు పెట్టుటలో అరబ్బీ వైయాకరణులు చూపిన నేర్పు మెచ్చదగినది. ‘చేయుట’ అను నర్థముగల ఫ–ఐను–ల అను ధాతువును అచ్చుగుద్దు మూసవలె గైకొని, కర్తను చెప్పు రూపమునకు ‘ఫాఇల్’ అనియు, కర్మను చెప్పుదానికి ‘మఫ్ఊల్’ అనియు, చేయించుటను చెప్పుదానికి ‘తఫ్ఈల్’ అనియు పేరిడిరి. మనము య–మా–తా–రా–జ–భా–న–స–ల–గం అని ఒక్క మాటలో గణములన్నిటిని ఇమిడ్చినట్లే యిదియు. క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దిలో బస్రా నగరమున నుండిన ఖలీలు అను పండితుడు ఈ ధాతువుతోడనే ఛందోగణములకును ‘ఫఊలున్’, ‘మఫాఈలున్’ అని పేళ్లు పెట్టెను. అరబ్బీ భాషకు మొదటి నిఘంటువును సంకల్పించినవాడును అతడే. అందు అక్షరములను లిపిక్రమమున గాక ఉచ్చారణ స్థానమును బట్టి కూర్చి, కంఠమునుండి పుట్టు ఐనుతో మొదలిడి పెదవులవఱకు వచ్చెను. మన వర్ణమాలలో కవర్గము మొదలు పవర్గమువఱకు గల వరుసయు ఇట్టిదే కావున ఖలీలు దానిని హిందూదేశమునుండి గైకొనెనని కొందఱు ఊహించిరి. అది తేలిన విషయము కాదు. నోటిని శ్రద్ధగా పరీక్షించినవారు ఏ దేశమువారైనను ఈ క్రమమునకే వత్తురని మా యభిప్రాయము.

ఖలీలు మఱియొక విషయమును గుర్తించెను. ఏ మూడు హల్లులైనను కూడి ధాతువు కాజాలవు. ఐనును, కంఠమునుండి గట్టిగా పలుకబడు హకారమును ఇరుగుపొరుగు స్థానములవి కావున ఒక ధాతువున ఇముడవు. నాలుగైదు హల్లుల పదమున ర, ల, న, ఫ, బ, మ అనువానిలో ఒక్కటియు లేనిచో అది అరబ్బీ పదము కాదనియు అతడు నిర్ణయించెను. పదము యొక్క కులగోత్రములను దాని ధ్వనియే చెప్పుననుట మనకు క్రొత్త గాదు. ఒత్తక్షరము కానవచ్చిన పదమును అచ్చతెలుగు గాదని మన వైయాకరణులు త్రోసివేయుదురు గదా! 1950లో గ్రీన్‌బర్గు అను అమెరికా పండితుడు అరబ్బీ ధాతువులను వేలకొలది లెక్కించి, ఒకే స్థానమున పుట్టు హల్లులు ధాతువులో పొంతనుండుట మిక్కిలి యరుదని నిరూపించెను. వేయి సంవత్సరములకు పైబడిన చెవి చెప్పినదానికి లెక్క సాక్ష్యము పలికినది.

ఇక మన దేశమునకు వత్తము. రెడ్డిరాజుల కొండవీడు కడకు గోలకొండ సుల్తానుల వశమైన పిమ్మట దానికి మురతజానగరమని పేరు పెట్టిరి. కృష్ణ కావలి యొడ్డున కొండపల్లికి ముస్తఫానగరమని పేరు పెట్టిరి. ఈ రెండు పేళ్లును ఒకే మూసలో పోసినవి. ర–ద–య అను ధాతువునకు (ఇందలి దకారమును మనము జకారముగా వినుచున్నాము) సమ్మతి యర్థము. మొదటి హల్లునకు వెంటనే నడుమ ఒక తకారము చొచ్చి ‘మురతజా’ యైనది: సమ్మతుడు. స–ఫ–వ అను ధాతువునకు నిర్మలత్వ మర్థము. అక్కడను నడుమ తకారమే చొచ్చి ‘ముస్తఫా’ యైనది: నిర్మలునిగా ఎన్నుకొనబడినవాడు. ధాతువు కడుపులోనికి అక్షరము చొచ్చుట సంస్కృతము చదివినవారికి వింత గాదు. రుధ్ ధాతువు రుణద్ధి యగునప్పుడు నడుమ నకారము చొచ్చుటలేదా? ఇంకొక సామ్యమును కలదు. ముస్తఫాలోని సకారము నాలుక మూలమును బిగించి పలుకవలసిన బరువైన సకారము. దాని పొరుగున తేలికయైన తకారము నిలువలేక తానును బరువైన తకారమగును. ఇష్ ధాతువునకు తకారము చేరి ఇష్టము అగునప్పుడు జరుగు పని వంటిదే యిది. మురతజాలో రేఫము బరువైనది కాదు గనుక తకారము యథాస్థితినే యుండును. తెలుగు లిపిలో రెంటికిని ఒకే తకారమును వ్రాయుదుము కావున ఈ సంధి మనకు కానరాదు.

ఆ దుర్గముల పేళ్లు నేడు ఎవరికిని జ్ఞప్తిలో లేవు. కాని వాని తోబుట్టువులు మన యింటనే యున్నవి. మురతజాకు తోబుట్టువు ‘రాజీ’. ముస్తఫాకు తోబుట్టువు ‘సాఫీ’. గట్టు తగాదా పెద్దల యెదుట రాజీ యైనదనియు, వ్యవహారము సాఫీగా సాగినదనియు పల్నాటి పల్లెలలో అనువారు తాము కొండవీటికిని కొండపల్లికిని పెట్టిన పేళ్లనే పలుకుచున్నామని యెఱుగరు.

2022 ఏప్రిలునుండి పల్నాడు జిల్లాయని పిలువబడుచున్న ప్రదేశము పదునెనిమిదవ శతాబ్దిలో రెండు చేతులలో నుండెను. వినుకొండ సీమ, అందలి ఈపూరుతో కూడ, గుంటూరు సర్కారులోనిది. అది నిజామునకు చెంది, అతని సోదరుడు బసాలతుజంగునకు జాగీరుగా నుండి, 1782లో అతడు మరణించిన పిమ్మట 1788లో కుంపిణీవారి చేతికి వచ్చెను. గురజాల, మాచర్ల వైపు గల అసలు పలనాడు కర్ణాటక నవాబునకు చెంది 1801లో కుంపిణీవారిదయ్యెను. ప్రభువు లిద్దఱైనను లెక్కల భాష పారసీకమే. పారసీకమున రాజస్వమును గూర్చిన మాటలలో అధికభాగము అరబ్బీవి. ‘నవాబు’ అను మాటయే చూడుడు. ‘నాయబు’ అనగా ప్రతినిధి; దాని బహువచనము ‘నువ్వాబు’. అరబ్బీలో బహువచనమునకు చివర ప్రత్యయము చేరుటయే కాక పదము లోపలి అచ్చులు చెదరి మఱియొక తీరున కూర్చుండుటయు కలదు. ఒక ప్రతినిధిని గౌరవార్థము పెక్కండ్రుగా పిలువగా నవాబు పుట్టెను. పేరున ప్రతినిధియే, పని మాత్రము ప్రభువుది.

1837లో పారసీకమును కచేరీలనుండి తొలగించుటకు కుంపిణీవారు శాసనము చేసిరి. భాష పోయెను గాని మాటలు పోలేదు. బ్రౌను దొర 1852లో కచేరీ మాటలకు ‘జిల్లా నిఘంటువు’ను, 1854లో తెలుగున కలసిన అన్యదేశ్యములకు ‘మిశ్రభాషా నిఘంటువు’ను ప్రకటింపవలసి వచ్చెననిన ఆనాటి దొరలు సైతము ఈ మాటల నడుమ దారి తప్పుచుండిరని తెలియుచున్నది. దొరలకు నిఘంటువు దొరకెను. రైతునకు దొరకలేదు.

ఈ మాటలను ఒక్కొక్కటిగా వల్లెవేసినచో అంతు లేదు. ధాతువును పట్టుకొన్నచో గుంపులు గుంపులుగా చేతికి వచ్చును. ఫ–స–ల అనగా విడదీయుట. సంవత్సరమును విడదీయు పంటకాలము ‘ఫసలు’. దానిని బట్టి జూలై మొదటి తేదీతో మొదలగు రాజస్వ సంవత్సరము ‘ఫసలీ’. మొత్తమును విడివిడిగా చెప్పుట ‘తఫ్సీల్’. అదియే మన దస్తావేజు చివరి ‘తపశీలు’. వాదమును విడదీసి తేల్చుట ‘ఫైసలా’. ముఖ్యపట్టణమునుండి విడిగా నున్న పల్లెసీమ ‘మొఫసిల్’. పత్రికలవారు మొఫసిల్ అనియు, రెవిన్యూవారు ఫసలీ అనియు, వ్రాయసకాండ్రు తపశీలు అనియు అనుచుందురు. ముగ్గురును ఒకే మాటను మూడు విధములుగా పలుకుచున్నారని ముగ్గురికిని తెలియదు.

హ–స–ల అనగా చేకూరుట. చేకూరినది ‘మహసూలు’, అదియే మన రైతుల ‘మాసూలు’. పల్నాటి కళ్లములలో మాసూళ్లయినవా యని అడుగువారికి అది అరబ్బీ యని చెప్పినచో నవ్వుదురు. చేకూర్చుట ‘తహసీలు’, చేకూర్చువాడు తహసీల్దారు. కావున కళ్లములోని ధాన్యపు రాశియు, దానిపై పన్ను గొను నధికారియు ఒకే ధాతువునుండి పుట్టినవారే. ‘వసూలు’ను ఈ కుటుంబములో చేర్చుట మాత్రము పొరపాటు. మాసూలు, వసూలు అని చెవికి జంటవలె తోచునే గాని, వసూలునకు వ–స–ల ధాతువు, అర్థము చేరుట. ధ్వని సామ్యమును నమ్మి చుట్టఱికము కలుపరాదు. మూడు హల్లులును సరిపోయిననే బంధుత్వము.

విత్తుటకు జ–ర–ఐను ధాతువు. దానినుండి సేద్యము ‘జిరాయతు’. మన జిరాయితీ భూమి. విత్తు చోటు ‘మజ్రఆ’. రెవిన్యూ లెక్కలలో శివారు పల్లెకు పేరైన ‘మజరా’. ఎవడో దూరపు పొలమున విత్తనము చల్లి, కాపలాకు గుడిసె వేసికొని, దానిచుట్టు పదియిండ్లు లేవగా మజరా యగును. ఊరి పుట్టుక యంతయు ఒక్క మాటలో నున్నది.

అన్నిటికంటె మమ్ము నిలిపివేసిన జంట రైతు, రాయితీ. ర–ఐను–య అనగా మందను మేపుట, కాచుట. మేపబడు మంద ‘రఇయ్యత్’. రాజు కాపరి కావున ప్రజలకును అదే పేరు వచ్చెను. హిందూదేశమున అది పన్ను చెల్లించు సేద్యగానికి నిలిచి మన ‘రైతు’ ఐనది. కాచుట, కనికరించుట ‘రిఆయత్’. అది మన ‘రాయితీ’. రైతునకు రాయితీ యిచ్చుట ఏదో దయాధర్మమని తలచు నధికారులు పలువురు కలరు. మాటల పుట్టుకను బట్టి చూచినచో రాయితీ లేనిచో రైతు అను పేరే లేదు. కాపు లేని మందకు మంద యను పేరు చెల్లదు. అయినను తన్ను మందగా పిలిచిన మాటను మన సేద్యగాడు తలయెత్తుకొని తన పేరుగా చేసికొని ‘రైతుబిడ్డ’నని చెప్పుకొనుచున్నాడు. ఇందుకు ఏ వ్యాకరణమును కారణము గాదు.

ఇట్టివి మఱి కొన్ని. చూపు ‘నజరు’, చూడబడినది ‘మంజూరు’. అధికారి చూచిననే గాని మంజూరు కాదని ఆ మాటయే చెప్పుచున్నది. బిగించి పట్టుట ‘జప్తు’, బిగింపబడినది ‘మజబూతు’. ఒకని తలుపు మజబూతైనదగుటయు, వాని యిల్లు జప్తగుటయు ఒకే ధాతువు. పిలుచుట యందు ‘దావా’యు ‘దావతు’ను పుట్టినవి, ఒకటి న్యాయస్థానమునకు పిలుపు, రెండవది విందునకు. చేయుట ‘అమలు’, చేయబడుచు వచ్చినది ‘మామూలు’. ఈ మామూలు అను మాట మొదట వాడుకయై, పిమ్మట వాడుకగా ఇచ్చునదియై, కడకు అడిగి పుచ్చుకొను లంచమైనది. ధాతువును నిందింప పని లేదు.

ఇంతటి బంధుత్వము మనకేల కానరాకున్నది? మన నాలుక చేసిన పని కొంత, మనకు ముందు పారసీక హిందుస్థానీల నాలుక చేసిన పని కొంత. అరబ్బీలో వేర్వేఱుగా నున్న హల్లులు మన జకారమున కలసిపోయినవి. నజరులోని జకారమును, జిరాయితీలోని జకారమును, మజుకూరులోని జకారమును, జమలోని జకారమును అరబ్బీలో నాలుగు అక్షరములు. జప్తులోనిది అయిదవది. అయిదు ఏళ్లు ఒక చెఱువున పడిన పిమ్మట ఏ నీరు ఏ యేటిదని చెప్పగలము? ఐను అను కంఠ్యాక్షరము బొత్తిగా లోపించినది. కాని అది పోవుచు తన మాత్రను విడిచిపోయినది. ‘మఅ్‌మూల్’ మామూలైనది, ‘తఅ్‌లీమ్’ తాలీమైనది. మహసూలులోని హకారము పోయినప్పుడును ఇట్లే మాసూలైనది. హల్లు పోయినను కాలము పోలేదు. గురువు గురువుగానే నిలిచినది. పద్యము నడక తెలిసిన జాతి చెవి అక్షరమును పోగొట్టుకొన్నను మాత్రను పోగొట్టుకొనదని మాకు ముచ్చటగా నున్నది. ఇక మూడు హల్లులలో ఒకటి లోపించిన పిమ్మట అమలును మామూలును తోబుట్టువులని గుర్తించుట కష్టమే. చివర ఉకారమును చేర్చి, హుక్మును హుకుముగా విడదీసి, మన ప్రత్యయములు తగిలించిన పిమ్మట అవి తెలుగు మాటలే యైనవి.

ఇట్టి మాటలను తఱిమివేసి భాషను శుద్ధి చేయవలెనని తలచు పెద్దలు ఎప్పుడును కలరు. వారి భాషాభిమానము గౌరవింపదగినది. అయినను అచ్చతెలుగున వెలసిన మొదటి కావ్యము, పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము, అంకితమైనది ఇబ్రహీం కుతుబుషా కాలమునాటి అమీనుఖానునకు అని వారు జ్ఞప్తియందుంచుకొనవలెను. అమీను అనగా నమ్మదగినవాడు. అమానతు అను మాటకు అన్న. అచ్చతెలుగును ఆదరించినవాని పేరే అరబ్బీ! మఱియు ఈ కచేరీ మాటలను తురకమాటలనుట అన్యాయము. మన యూళ్లలోని ముసల్మాను రైతునకు తపశీలు, ఖారీజు, దఖలు అను మాటలు మనకెంత తెలియునో అంతే తెలియును. ఆ దస్తావేజు క్రింద అతడును మనవలెనే దిగులుతో వ్రేలు ముద్రించును. బాధించిన మాటలన్నియు పరభాషవే యనుటయు నిజము గాదు. 1922లో మించాలపాడున కన్నెగంటి హనుమంతుని ప్రాణము గొన్న ‘పుల్లరి’ అచ్చమైన తెలుగు మాట: పుల్లు మీద అరి, పసరము మేసిన గడ్డి మీద పన్ను. ఆ మాట అందఱికిని తెలియును గనుకనే పల్నాడు దానికి ఎదురు తిరిగినది. తెలియని మాటకు ఎదురు తిరుగుటయెట్లు?

కావున మాటను వెడలగొట్టుట కాదు, దాని కడుపులో నున్నదానిని పిల్లలకు చూపుట ముఖ్యమని మేము తలచుచున్నాము. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. ఈపూరును ఒక మండల కేంద్రమయ్యెను. అధికారికి మండల రెవిన్యూ అధికారి యని క్రొత్త పేరు పెట్టి, కొన్నాళ్లకు మరల తహసీల్దారనియే పిలిచిరి. పేరు మార్చినంతమాత్రమున రైతునకు తెలిసినదేమియు లేదు. పై తరగతుల వాచకమున ఒక్క పాఠము, పది ధాతువులు, వానికి ఏబది మాటలు చాలును. మేము తరగతిలో ఫ–స–ల ధాతువును నల్లబల్లపై వ్రాసి మాటలు చెప్పుడని యడిగినప్పుడు బాలికలే ముందుగా తపశీలును పట్టుకొనిరి. ఇంటిలో పెట్టెయడుగున నున్న కాగితములను మగవారికంటె వారే యెక్కువగా చూచి యుందురు కాబోలు.

అట్టి బాలిక తన తల్లి పేర నున్న భూమి దస్తావేజును చదువవలసి వచ్చినచో ఇట్లు చదువవచ్చును. మొదట తపశీలు చూడవలెను: విడదీసి చెప్పబడినదేదో అదియే యిచ్చునది, తక్కినది కాదు. పిమ్మట హద్దులు. పిమ్మట దఖలు అని యున్నదా, దాఖలు అని యున్నదా యని వ్రేలు పెట్టి చూడవలెను. చదివి వినిపించువాని గొంతును నమ్మరాదు. కడపట చేవ్రాలు. చేవ్రాలు తెలుగు మాట. వ్రాయనేరని తల్లి వ్రేలిముద్ర ప్రక్కన వ్రాయసకాడు ‘నిశానీ’ యని వ్రాయును; అది పారసీకము.